నాటిక రాసిన అమ్మాయి రిహార్సల్‌కి వెళ్లాలా?

నువ్వు అడిగినవి నాలుగు సంగతులు. రాజోలు దగ్గర పల్లెటూరు, ప్రైవేటు స్కూల్లో టీచరువి, రెండు నాటికలు రాశావు. ఈ రచయిత్రుల బతుకు అసలు ఎలా ఉంటుంది, సినిమాలకూ సీరియళ్లకూ రాయాలంటే హైదరాబాద్ వెళ్లిపోవాలా, మన వైపు ఆడవాళ్లు ఇంతకుముందు ఎవరైనా రాశారా, ఇంట్లో వద్దంటుంటే ఏం చెప్పాలి అని. చివర్లో మాటవరసకి ఇంకొకటి రాశావు: 'మా ఊరి నాటక సమాజం వాళ్లు నా నాటికని చాలా మార్చేశారు, ప్రదర్శన రోజు చూస్తే గానీ నాకు తెలియలేదు' అని. నాకు అన్నిటికన్నా అదే ముఖ్యంగా కనిపించింది.

వయసులో నాకన్నా బాగా చిన్నదానివి, అందుకని నువ్వు అనేస్తున్నాను, ఏమీ అనుకోకు. నేను కోనసీమలో పుట్టి పాలకొల్లు కోడలినయ్యాను. నాటికలతో మొదలుపెట్టి, రేడియోకి రాసి, సీరియళ్లకి డైలాగులు రాసి, కొన్ని సినిమాలకి పేరు పడీ పడకా పనిచేశాను. ఇప్పటికీ రాస్తున్నాను.

నువ్వు రిహార్సల్‌కి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో కూడా నువ్వు చెప్పనక్కర్లేదు. మన సమాజాల్లో అందరూ పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లే. ఒకాయన బ్యాంకు, ఒకాయన ఎల్ఐసీ, ఒకాయనకి రొయ్యల చెరువులు, ఇంకొకాయన మాస్టారు. రాత్రి భోజనాలయ్యాక ఏ స్కూలు గదిలోనో, రైసుమిల్లు ఆఫీసులోనో, గుడి పక్క కల్యాణమంటపంలోనో కూడతారు. అక్కడికి నిన్ను రావద్దని ఎవరూ అనరు. 'మీకెందుకమ్మా శ్రమ, రాత్రిపూట ఏం వస్తారు, మేం చూసుకుంటాం కదా' అంటారు. నిజంగా మర్యాదకే అంటారు. ఆ మర్యాదతోనే స్క్రిప్టు నీ చేతిలోంచి వెళ్లిపోతుంది.

అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను. పరిషత్తులకి, అంటే నాటిక పోటీలకి, నాటికలు కట్టే సమాజం దగ్గరికి నువ్వు స్క్రిప్టు పట్టుకెళితే కథ ఏమిటని తర్వాత అడుగుతారు, ముందు 'ఆడ పాత్రలు ఎన్నండీ?' అంటారు. దానికో కారణం ఉంది. ఊళ్లో ఆడపిల్లలెవరూ వేషం కట్టడానికి రారు. విజయవాడ నుంచో గుంటూరు నుంచో రాజమండ్రి నుంచో నటీమణిని పిలిపించుకోవాలి. ప్రదర్శనకింతని పారితోషికం, రానుపోను ఖర్చులు, బస. ఆవిడ ఆ సీజన్లో మరో రెండు మూడు సమాజాలకి కూడా వేస్తూ ఉంటుంది. రిహార్సల్‌కి చివరి రెండు మూడు రోజులే దొరుకుతుంది. అంతవరకూ ఆవిడ డైలాగులు ఎవరో ఒక మగాయన కాగితం చూసి చదువుతుంటాడు. రెండో ఆడ పాత్ర ఉందంటే ఈ ఖర్చంతా రెట్టింపు. అందుకని ఏం చేస్తారు? రెండో పాత్రని మొదటి పాత్రలో కలిపేస్తారు, లేదా లోపల్నుంచి వినిపించే గొంతు చేసేస్తారు. నీ నాటికలో అత్తగారో పిన్నిగారో స్టేజి మీదికి రాకుండా వంటింట్లోంచే మాట్లాడి ఉంటే, జరిగింది ఇదే. నీ మీద కోపంతో చేసింది కాదు, బస్సు చార్జీల లెక్క అది.

ఈ లెక్క తెలియకుండా రాసేవాళ్లు రెండు రకాలుగా నష్టపోతారు. నాలుగు ఆడ పాత్రలు రాస్తే ఎవరూ తీసుకోరు. పోనీ అని ఒక్కటే రాస్తే, ఆ ఒక్కావిడ నాటికంతా మగవాళ్ల మధ్య ఏడుస్తూనో, త్యాగం చేస్తూనో తిరుగుతుంది. ఆవిడ ఇంకో ఆడమనిషితో మాట్లాడే సీనే ఉండదు. పరిషత్తు నాటికల్లో ఆడవాళ్లు ఎందుకంత ఒకేలా ఉంటారని విమర్శకులు అడుగుతుంటారు. సగం జవాబు ఖర్చుల పద్దులో ఉంది. నేను చాలాకాలంగా రెండు ఆడ పాత్రలకి తగ్గకుండా, రెండు దాటకుండా రాస్తున్నాను. ఆ ఇద్దరూ నాటికలో కనీసం ఒక్క సీనైనా ఇద్దరే ఉండి తీరాలి. ఒకరిని తీసేస్తే కథే కూలిపోయేలా కట్టాలి. అప్పుడు ఖర్చు భరించడమో నాటిక వదిలేయడమో వాళ్లిష్టం, కలిపేయడం మాత్రం కుదరదు.

రిహార్సల్‌కి వెళితే ఏమొస్తుందో ఒక్క సీను చెబుతాను. కువైట్‌లో ఏళ్ల తరబడి ఇంటిపని చేసి తిరిగొచ్చిన తల్లి, ఈలోపు ఇల్లు నడిపిన కూతురు. మన కోనసీమలో ఇలాంటి ఇళ్లు నీకు తెలియనివి కావు. వచ్చిన రోజు రాత్రి తల్లికి ఆ ఇల్లు పరాయిగా అనిపించాలి. దానికి ఒక పేజీ డైలాగు రాసి ఉంది. నటి చాలా సీనియర్. పేజీ మొత్తం పొల్లుపోకుండా ఒప్పజెప్పింది. గదిలో ఒక్కరు కూడా తలెత్తలేదు. డైరెక్టరు ఫోన్ చూసుకుంటున్నాడు. సరేనని ఆ పేజీ పక్కన పెట్టి, తల్లి వంటింట్లోకి వెళ్లి అటూ ఇటూ వెతికి 'ఉప్పెక్కడ పెట్టావే?' అని అడిగితే చాలన్నాను. తన వంటింట్లో తనే అడగాల్సి రావడం. ఆవిడ రెండుసార్లు ప్రయత్నించి ఆగిపోయింది. 'అమ్మా, ఇది రాత్రి సీను. దీపాలు పెట్టాక ఆ మాట అనం కదా, నాకు నోరు రావట్లేదు' అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, కాగితం తీసుకున్నాను. తల్లి ఆ మాటే అంటుంది. కూతురు కదలదు. 'రాత్రిపూట ఆ మాట అన్నానని చిన్నప్పుడు నా మూతి మీద కొట్టింది నువ్వే' అంటుంది. తర్వాత లేచి వెళ్లి జాడీ తెచ్చి గట్టు మీద పెడుతుంది. చేతికివ్వదు. ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయని మన నమ్మకం, అందుకే ఇవ్వలేదని సగం మంది అనుకుంటారు, మిగతా సగం మందికి వేరేగా అందుతుంది. రెండూ నాకు కావాలి. పేజీ పోయింది, రెండు వాక్యాలు మిగిలాయి, ఆ నాటిక ఎక్కడ ఆడినా జనం నిశ్శబ్దమయ్యేది అక్కడే. ఆ నటి అభ్యంతరం నేను ఇంట్లో కూర్చుంటే నా దాకా వచ్చేదే కాదు. 'ఉప్పు' తీసేసి ఏ పంచదారో పెట్టుకుని ఆడేసేవాళ్లు.

కాబట్టి వెళ్లు. రోజూ వెళ్లక్కర్లేదు. మొదటిసారి కూర్చుని చదివే రోజు, నటి వచ్చాక మొదటి రిహార్సల్, చివరి డ్రై రిహార్సల్, ఈ మూడు ముందే తేదీలతో ఒప్పుకోమను. తోడుగా అమ్మనో తమ్ముణ్ణో తీసుకెళ్లు. రాత్రి కుదరకపోతే ఆదివారం పగలు పెట్టమని అడుగు. స్క్రిప్టు కావాలనుకున్న సమాజం ఒప్పుకుంటుంది.

ఇప్పుడు సినిమాల సంగతి. అక్కడ రిహార్సల్ గదికి బదులు సిట్టింగ్ ఉంటుంది. డైరెక్టరు, ఇద్దరు ముగ్గురు రైటర్లు, అసిస్టెంట్లు కూర్చుని ముందు వన్ లైన్, అంటే కథ క్లుప్తంగా, తర్వాత సీన్ ఆర్డర్, అంటే ఏ సీను వెనక ఏ సీనో, వేసుకుంటారు. కాగితం మీద రాసేది ఆ తర్వాతెప్పుడో. సినిమా కథ మాటల్లో తయారవుతుంది, ఆ మాటలన్న చోట నువ్వు లేకపోతే తర్వాత ఎంత బాగా రాసినా నీ వాటా 'డైలాగ్ హెల్ప్' దగ్గర ఆగుతుంది. మగవాళ్లకి సిట్టింగ్ సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాకా నడిచినా ఇబ్బంది లేదు, ఏ గెస్ట్ హౌస్‌లో అయినా పర్వాలేదు. మనకి అలా కుదరదు, కుదరదని చెప్పడానికి మొహమాటపడక్కర్లేదు కూడా. నేను మొదట్నుంచీ పగలు, ఆఫీసులో అయితేనే వస్తానని చెప్పేదాన్ని. దానివల్ల కొన్ని పోయాయి. ఒక కంపెనీలో నెలల తరబడి కూర్చున్నాక సినిమా వచ్చింది, నా సీన్లున్నాయి, నా పేరు లేదు. అడిగితే 'తర్వాతి సినిమాకి చూద్దామమ్మా' అన్నారు. ఇది ఆడవాళ్లకే జరుగుతుందని చెప్పను, మగ అసిస్టెంట్ రైటర్లకీ రోజూ జరిగేదే. కాకపోతే వాళ్లు మర్నాడు మళ్లీ అదే టీ కొట్టు దగ్గర నిలబడి ఇంకో పని వెతుక్కోగలరు, మనం ఊరికి బస్సెక్కేస్తాం.

డబ్బు వచ్చేది సీరియళ్లలో. పరిషత్తు నాటిక రాస్తే శాలువా, జ్ఞాపిక, ఉత్తమ రచనకి ఏదో నగదు. సీరియల్‌కి ఎపిసోడ్‌కింతని ఇస్తారు, నెల తిరిగేసరికి లెక్క తేలుతుంది. స్క్రీన్‌ప్లే ఒకరు, డైలాగులు ఒకరు రాయడం మామూలే. ప్రకటనలు పోను అరగంట ఎపిసోడ్‌లో ఇరవై, ఇరవై రెండు నిమిషాల కథ ఉంటుంది, ప్రతి బ్రేకు ముందూ ఒక ముడి పడాలి. గురువారం రేటింగులొస్తాయి. ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఫోన్ మోగితే ఎత్తాలంటే టెన్షన్. రేటింగ్ పడిపోతే చచ్చిపోయిన పాత్ర మళ్లీ లేచి వస్తుంది, నువ్వే లేపాలి. చిన్నచూపు చూడకు. రోజూ రాయడం అనే అలవాటు నాకు అక్కడే పట్టుబడింది.

నాటికలు రాసినవాళ్లకి సీరియళ్లలో ఒక అనుకూలం ఉంది. తెలుగు సీరియళ్లలో హీరోయిన్లు చాలామంది కన్నడం వాళ్లు. కెమెరా పక్కన అసిస్టెంట్ డైరెక్టరు డైలాగు అందిస్తుంటే విని అంటారు, గొంతు తర్వాత వేరేవాళ్లు చెబుతారు. అంటే ప్రతి వాక్యం ఒక్క ఊపిరిలో అందించగలిగేంతే ఉండాలి. మధ్యలో 'అయితే', 'కాబట్టి' పెట్టి పొడిగిస్తే సెట్లో వాళ్లే విరగ్గొట్టేస్తారు, విరగకూడని చోట విరుగుతుంది. స్టేజి వెనక ప్రాంప్టింగ్ చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

గోదావరి యాస కావాలని కూడా నిన్ను పిలుస్తారు. వాళ్లకి యాస అంటే ప్రతి వాక్యం చివరా 'అండి', ఎవరేం అడిగినా 'ఆయ్'. రాజోలు మాటకీ రాజమండ్రి మాటకీ తేడా ఉంటుందని చెబితే విసుక్కుంటారు. రెండు మూడు 'ఆయ్'లు పడేసి, మిగతాది నీకు నచ్చినట్టు రాసుకో.

మన వైపు ఆడవాళ్లెవరైనా రాశారా అన్నావు. తాడేపల్లిగూడెం దగ్గర బొమ్మిడిలో పుట్టిన రంగనాయకమ్మగారి నవల 'బలిపీఠం' 1975లో సినిమా అయింది, తీసింది మన పాలకొల్లు దాసరి నారాయణరావుగారే. యద్దనపూడి సులోచనారాణిగారి 'మీనా'ని 1973లో విజయనిర్మలగారు తీశారు, తెలుగులో ఆవిడ దర్శకత్వంలో వచ్చిన మొదటి సినిమా అదే. ఆ రోజుల్లో వారపత్రికల్లో ఆడవాళ్ల నవలలంటే జనం ఎగబడేవారు, వాటి వెంట నిర్మాతలు పడ్డారు. కథ ఫలానావారిదని కార్డు పడేది, స్క్రీన్‌ప్లే, మాటలు మాత్రం చాలావరకు మగవాళ్లవే. నవల ఇంట్లో కూర్చుని రాయొచ్చు, మిగతా రెండింటికీ బయటికి వెళ్లి కూర్చోవాలి. అంతకుముందే ఆ గీత దాటినావిడ భానుమతిగారు. 1953లో 'చండీరాణి'కి కథ రాసి, దర్శకత్వం చేసి, మూడు భాషల్లో తీశారు. ఆవిడ మొదటి సినిమా 1939 నాటి 'వరవిక్రయం', అది కాళ్లకూరి నారాయణరావుగారి నాటకం. కాళ్లకూరి వారిదీ, సినిమా తీసిన సి.పుల్లయ్యగారిదీ కూడా మన గోదావరి వైపే. ఆ నాటకం దొరికితే చదువు. కట్నాల మీద వందేళ్ల కిందటి నాటకం, ఒక మగాయన రాసింది, తల్లీ ఇద్దరు కూతుళ్లూ ఉంటారు. పెద్దపిల్ల కాళింది ప్రాణం తీసుకుంటుంది. చిన్నపిల్ల కమల పెళ్లి చేసుకుని, డబ్బిచ్చి కొన్నాం కాబట్టి వరుడు మా సొత్తు అని అడ్డం తిరుగుతుంది. అక్కని బాధితురాలిగా వదిలేసి, చెల్లెలికి వాదన ఇచ్చాడాయన. ఆ కాలంలో ఆడ వేషాలు మగవాళ్లే కట్టేవారు కాబట్టి ఆడ పాత్రలు ఎన్నున్నా ఖర్చు పెరిగేది కాదు. చిత్రం ఏమిటంటే, ఆడవాళ్లు స్టేజి ఎక్కాకే ఆడ పాత్రలు తగ్గాయి.

తర్వాతి కాలంలో ఓల్గాగారు ఉషాకిరణ్ మూవీస్‌లో స్క్రిప్టు విభాగంలో పనిచేశారు. ఒక సంస్థలో రచయిత్రికి కుర్చీ, జీతం ఉండటం అప్పటికి పెద్ద విషయం.

రేడియోని మర్చిపోకు. విజయవాడ కేంద్రం 1948 నుంచి ఉంది. నాటకాలు తగ్గాయి గానీ పోలేదు. రేడియోలో ఎన్ని ఆడ పాత్రలున్నా పర్వాలేదు, చీరలూ బసా అక్కర్లేదు. పైగా గొంతు తప్ప ఇంకేమీ లేనప్పుడు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మాటల్లోనే తెలియాలి కదా, అది వచ్చిందంటే డైలాగు వచ్చినట్టే.

హక్కుల గురించి నువ్వు అడగలేదు, అడగాల్సింది. రాసిన క్షణం నుంచే కాపీరైట్ నీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, గొడవొస్తే సాక్ష్యంగా ఉంటుంది. ఢిల్లీ కాపీరైట్ ఆఫీసుకి ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు, ఇలాంటి రచనకి రుసుము 500 రూపాయలు. హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘం ఉంది, సభ్యురాలివైతే అక్కడా స్క్రిప్టు నమోదు చేసుకోవచ్చు. హక్కు రాసివ్వడం అనేది సంతకంతో కాగితం మీద ఉంటేనే చెల్లుతుంది. అందులో గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకూ అని చట్టం అనుకుంటుంది. జీతానికి ఉద్యోగిగా రాస్తే మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, అది సంస్థదే అవుతుంది. సీరియల్ కాగితాల్లో ఈ వాక్యం కోసం వెతుక్కో. 2012లో చట్టం మార్చి, సినిమాలో వాడిన రచనకి థియేటర్ బయట వచ్చే ఆదాయంలో రచయిత వాటాని వేరేవాళ్లకి రాసివ్వకుండా కట్టుదిట్టం చేశారు. వారసులకో రచయితల కాపీరైట్ సొసైటీకో తప్ప ఇవ్వకూడదు. చట్టంలో ఉన్నది చేతికొస్తుందా అంటే నాకైతే ఇంకా రాలేదు.

నాటికలకి ఒక మెలిక ఉంది. ఔత్సాహిక సమాజం టికెట్ లేకుండా ఆడితే, లేదా దేవాలయంలాంటి మత సంస్థ సహాయార్థం ఆడితే, కాపీరైట్ ఉల్లంఘన కిందికి రాదని చట్టంలోనే ఉంది. మన తీర్థాల్లో (జాతరల్లో), ఉచితంగా చూపించే పరిషత్తుల్లో ఈ మినహాయింపు చెప్పేవాళ్లుంటారు. అయితే ఆడుకోవడానికి మినహాయింపు ఉన్నంత మాత్రాన నీ పేరు తీసేయడానికి, నాటిక రూపం చెడగొట్టడానికి అనుమతి ఉన్నట్టు కాదు. కోర్టుల దాకా ఎందుకు, స్క్రిప్టు ఇచ్చేటప్పుడే అనుమతి పత్రం నువ్వే టైపు చేసి తీసుకెళ్లు. ఏ సమాజానికి, ఏ సంవత్సరానికి, కరపత్రంలోనూ మైకులోనూ రచయిత్రి పేరు చెప్పాలి, మార్పులు నన్నడిగి చేయాలి. నాలుగు ముక్కలు చాలు. ఎంట్రీతోపాటు రచయిత అనుమతి అడిగే పరిషత్తులూ ఉన్నాయి కాబట్టి ఎలాగూ ఆ కాగితం కోసం నీ దగ్గరికి రావాల్సిందే.

హైదరాబాద్ వెళ్లిపోవాలా అంటే, ఉద్యోగం మానేసి మాత్రం వెళ్లకు. మన పరిషత్తు రచయితల్లో ఎక్కువమంది ఉద్యోగాలు చేస్తూ రాసినవాళ్లే. చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, అక్కడ సాయంత్రం నర్సాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్‌లో ఉంటావు. ఒక సిట్టింగ్‌కి, కథ వినిపించే ఒక నెరేషన్‌కి అలా వెళ్లిరావడం నేను చాలాకాలం చేశాను. సీరియల్ డైలాగులు ఇప్పుడు ఇంటి నుంచే మెయిల్లో వెళ్లిపోతున్నాయి. సినిమాకి మాత్రం అక్కడ ఉండాల్సిందే, అది కూడా ఎవరైనా అడ్వాన్సు ఇచ్చి పిలిచాక. ఊరికే వెళ్లి ఆఫీసుల చుట్టూ తిరగడానికి అద్దె కట్టుకోవడం దండగ.

ఇంట్లోవాళ్లకి ఏం చెప్పాలన్నావు. వాళ్లకి సినిమా అంటే భయం, నాటకమంటే చులకన. చెప్పి ఒప్పించడం కష్టం. పక్కన ఎక్కడైనా పరిషత్తు జరుగుతున్నప్పుడు మీ అమ్మగారిని ఒక రాత్రి తీసుకెళ్లు, నీ నాటిక లేకపోయినా సరే. ఎవరొస్తారో, ఎలా కూర్చుంటారో ఆవిడే చూస్తారు. మా అత్తగారు అలా వచ్చి, మూడో నాటిక అయ్యేదాకా లేవలేదు. ఇంటికొచ్చి న్యాయనిర్ణేతల్ని తిట్టారు. ఆ తర్వాత నా రిహార్సళ్ల గురించి ఇంట్లో పేచీ రాలేదు. అందరి ఇళ్లలో ఇలాగే అవుతుందని చెప్పలేను.

నీ రెండో నాటిక గురించి పెద్దగా రాయలేదు. కథ ఇక్కడ పెట్టకు, అవసరం లేదు. మొత్తం పాత్రలెన్ని, అందులో ఆడవాళ్లెంతమంది, సెట్టు ఇంటి లోపలా బయటా, నిడివి గంటకి లోపా పైనా, ఈ నాలుగు చెప్పు. ఎలాంటి సమాజాన్ని అడగాలో, ఏ పాత్ర మీద ముందు కత్తెర పడుతుందో చెబుతాను.